ముందు అంచనా, ఆ తర్వాతే కొలత

శ్రావణమాసం వచ్చిందంటే ధవళేశ్వరంలో అందరి నోటా అవే అంకెలు. ఆనకట్ట దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏటిగట్టు మీది టీ కొట్లలో, బడికి వెళ్లే ఆటోల్లో, రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే నడుస్తుంది. ఆరో తరగతి పిల్లవాణ్ని అడగండి, మూడు హెచ్చరికలూ గడగడా అప్పజెబుతాడు. "పదకొండు ముప్పావు అడుగులంటే ఎంత ఎత్తురా? చేత్తో చూపించు" అనండి. చాలామంది పిల్లలు అక్కడ తడబడతారు. అంకె నోటికి వచ్చింది కానీ ఒంటికి అందలేదు.

ఇప్పుడు ఆ పిల్లవాడి ఎత్తు కొలవండి. సుమారు 140 సెంటీమీటర్లు ఉంటాడనుకుందాం, అంటే నాలుగడుగుల ఏడంగుళాలు. మొదటి హెచ్చరిక అతనికి రెండున్నర నిలువులు. మూడో హెచ్చరిక నాలుగు నిలువులకు కాస్త తక్కువ. మొదటి హెచ్చరికకూ రెండోదానికీ మధ్య పెరిగే రెండడుగుల నీరు అతనికి తొడల దాకా వస్తుంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య పెరిగే నాలుగడుగులు పీకలోతు. గేజీ మీది అంకె నది మొత్తం లోతు కాదనీ, గేజీ సున్నా గీత నుంచి నీటి మట్టం ఎంత ఎత్తుకు లేచిందో చెప్పే లెక్క అనీ కూడా ఇక్కడే వివరించండి. ఆ తర్వాత "గోదావరి ఇంకో రెండడుగులు పెరిగింది" అన్న కబురు వింటే ఆ పిల్లవాడి చెయ్యి తనకు తెలియకుండానే తొడ మీదికి పోతుంది. అంకె అర్థమైందని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ అధ్యాయం టీచర్ల కోసం, తల్లిదండ్రుల కోసం. పిల్లలకు ఒంటితో కొలవడం ఎలా నేర్పాలో ఇందులో మెట్టు మెట్టుగా ఉంది. అన్నిటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే: కొలిచే ముందు అంచనా వేయాలి, కొలిచాక తేడా రాసుకోవాలి. అంచనా వేయడానికి ధైర్యం కావాలి. తేడాను ఉన్నదున్నట్టు రాయడానికి నిజాయితీ కావాలి. ఈ రెండూ కలిసి అలవాటైన పిల్లవాడు పెద్దయ్యాక తన నిర్ణయాలను తానే తీసుకోగలడు, తానే సరిచేసుకోగలడు. లెక్కల పీరియడ్‌లో ఇంత విలువైన వ్యక్తిత్వ శిక్షణ దాగి ఉంది కాబట్టే దీనికి ఒక అధ్యాయం మొత్తం కేటాయిస్తున్నాను.

మొదటి మెట్టు: ఒంటి కొలతల కార్డు

ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా అట్టముక్క మీద తన కార్డు తయారు చేసుకోవాలి. పక్కనున్న స్నేహితుడి సాయంతో, సెంటీమీటర్ల స్కేలుతో, కుట్టుపనికి వాడే టేపుతో ఈ కొలతలు తీసుకుని రాయించండి.

• బొటనవేలి వెడల్పు.
• బెత్తెడు: బొటనవేలు వదిలేసి, నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చినప్పటి వెడల్పు.
• జాన: చెయ్యి బాగా చాచినప్పుడు బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా.
• మూర: మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా.
• బార: రెండు చేతులూ పక్కలకు చాచినప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా.
• పాదం: మడమ నుంచి వేలి కొస దాకా.
• నడక అడుగు: మామూలుగా నడిచేటప్పుడు ఒక అడుగుకు సాగే దూరం.

ఆరో తరగతి పిల్లలకు జాన 16, 17 సెంటీమీటర్ల దగ్గర, నడక అడుగు 60 సెంటీమీటర్ల దగ్గర ఉండటం మామూలే. నడక అడుగును ఒక్క అడుగు వేయించి కొలవకండి. టేపు చూస్తూ వేసే అడుగు ఎప్పుడూ సాగిపోతుంది. ఆటస్థలంలో 20 మీటర్లు గీత గీసి, కబుర్లు చెప్పుకుంటూ నడవమనండి. ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టి భాగించండి. మూడుసార్లు నడిచి సగటు తీస్తే ఇంకా మంచిది.

కార్డు నిండాక ఒక చిన్న పరిశోధన పెట్టండి. ఎవరి బార వారి ఎత్తుతో ఎంత దగ్గరగా ఉందో చూడమనండి. చాలామందికి రెండూ దాదాపు సమానంగా వస్తాయి. తర్వాత, ఎవరి మూరలో వారి వేళ్ల వెడల్పులు ఎన్ని పడతాయో లెక్కపెట్టమనండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 12 అంగుళాలు ఒక జాన, 24 అంగుళాలు ఒక మూర, నాలుగు మూరలు కలిపి 96 అంగుళాలు ఒక దండం. అక్కడ అంగుళమంటే మధ్యస్థంగా ఉండే మనిషి మధ్యవేలి నడిమి వెడల్పు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కూడా మూరకు 24 వేళ్లనీ, మనిషి ఎత్తు నాలుగు మూరలనీ రాశాడు. వేల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరికీ ఒకే లెక్క కుదిరిందంటే కారణం వాళ్ల ముందున్నది ఒకే మానవ దేహం కావడమే. మీ తరగతిలో ఆ 24 ఎవరికి కుదిరిందో, ఎవరికి 23 దగ్గర ఆగిందో బోర్డు మీద రాయండి. గ్రంథంలోని మాటను తమ చేత్తో తాము పరీక్షించడం పిల్లలకు గొప్ప అనుభవం.

పిల్లలు పెరుగుతారు కాబట్టి కార్డు కూడా మారాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కొలతలు తిరగరాయించండి.

రెండో మెట్టు: మూడు గళ్లు

నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయించండి: అంచనా, కొలత, తేడా. "ఈ నల్లబల్ల ఎన్ని జానలుంటుందో చెప్పండర్రా" అని అడగండి. ఎవరూ లేచి ముట్టుకోకూడదు. కళ్లతోనే చూసి, ముందు అంచనా గడిలో పెన్నుతో రాయాలి. పెన్సిల్ వద్దు, చెరపడం వద్దు. అందరూ రాశాకే కొలత.

ఒక అమ్మాయి 12 జానలు అనుకుంది. కొలిస్తే 15 వచ్చాయి. తేడా 3. పదిహేనులో మూడంటే 20 శాతం. ఆ అమ్మాయి మూడో గడిలో "20 శాతం తక్కువ" అని రాయాలి. తక్కువా ఎక్కువా అన్నది తప్పనిసరిగా ఉండాలి. పది అంచనాలయ్యాక ఆ గడి మీదుగా కిందికి చూస్తే ఆమె స్వభావం ఆమెకే తెలుస్తుంది. కొందరు ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తారు. కొందరు పొడవులు బాగా చెప్పి ఎత్తుల దగ్గర తప్పుతారు. తన పొరపాటు ఏ వైపు మొగ్గుతుందో తెలిసిన మనిషి దాన్ని సరిచేసుకోగలడు. చదువులో ఇది ఎంత నిజమో, పెద్దయ్యాక ఇంటి ఖర్చు అంచనాలోనూ, ప్రయాణానికి పట్టే సమయం అంచనాలోనూ అంతే నిజం.

ఇక్కడ టీచరు పాటించాల్సిన నియమం ఒకటుంది. దగ్గరగా వచ్చిన అంచనాకు మార్కులు వేయకండి. వేస్తే పిల్లలు కొలిచాక అంచనాను దిద్దుకోవడం మొదలుపెడతారు. తేడా సరిగ్గా లెక్కగట్టి రాసినందుకు మార్కులు వేయండి. 60 శాతం తేడాను దాచకుండా రాసిన పిల్లవాణ్ని తరగతి ముందు మెచ్చుకోండి. నెల రోజుల్లో ఆ 60 శాతం ఎంతకు తగ్గిందో అతని పుస్తకమే చూపిస్తుంది.

మూడో మెట్టు: నా జానా నీ జానా

కడియపులంక పూల మార్కెట్టులో కిలోల లెక్కన అమ్మే మల్లెలు దండగా మారి వీధిలోకి వచ్చేసరికి మూరల లెక్కన అమ్ముడుపోతాయి. మూర ఎవరిది? అమ్మే ఆవిడది. పొడుగాటి చేతుల ఆవిడ దగ్గర కొంటే కొన్నవారికి లాభం, పొట్టి చేతుల ఆవిడ దగ్గర కొంటే అమ్మినావిడకు లాభం. ఈ ప్రశ్నను తరగతిలో పెట్టి, పిల్లలందరి మూరలూ సెంటీమీటర్లలో బోర్డు మీద వరుసగా రాయించండి. అన్నిటికన్నా చిన్నదీ, పెద్దదీ, నడిమిదీ గుర్తించమనండి. ఒకే బల్లను పదిమంది పది రకాల జానల లెక్కతో చెప్పడం కళ్లారా చూశాక, అందరూ ఒప్పుకునే కొలత ఒకటి ఎందుకు కావాలో మీరు వేరే చెప్పక్కర్లేదు.

చరిత్ర చెప్పడానికి సరైన సమయం ఇదే. ప్రాచీన ఈజిప్టులో రాజమూర అనే కొలత 28 వేళ్లు, ఇప్పటి లెక్కలో సుమారు 52 సెంటీమీటర్లు. దానికి సరిపోయే కర్రలు పెట్టుకుని కట్టడాలు కట్టారు. ఫ్రాన్సు 1799లో మీటరుకు ప్లాటినం కడ్డీని ప్రమాణంగా నిలబెట్టింది. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ కొలతల వైపు నడిచింది. 1983 నుంచి మీటరంటే శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో ప్రయాణించే దూరం. మనిషి చేతి నుంచి కాంతి దాకా సాగిన ఈ ప్రయాణానికి కారణం ఒక్కటే, న్యాయం. బజారులో అందరికీ ఒకే కొలత దక్కాలి.

అలాగని ఒంటి కొలతలు పాతబడిపోలేదు. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో కొలతల పాఠంలో నేటికీ జానతో కొలిపించే పని ఉంది. అమ్మకానికీ కొనుగోలుకీ మీటరు కావాలి. స్కేలు అందుబాటులో లేని చోట, ఎవరైనా చెప్పిన అంకె నమ్మదగినదో కాదో తేల్చుకోవాల్సిన చోట మన చెయ్యే మనకు ఆధారం. పిల్లల కార్డులో ప్రతి జాన పక్కనా సెంటీమీటర్లు ఉన్నాయి కాబట్టి వాళ్లకు రెండు భాషలూ వచ్చినట్టే.

నాలుగో మెట్టు: గది దాటి గట్టు మీదికి

ధవళేశ్వరం లాంటి పాఠశాల ఇంకెక్కడా దొరకదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఈ ఊరి పేరునే ప్రపంచానికి చాటింది. ఊళ్లోని కాటన్ మ్యూజియంలో ఉన్న నమూనాలు చూపించాక, ఇప్పుడున్న బ్యారేజీ దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లండి.

*బ్యారేజీ పొడవు.* బ్యారేజీకి ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, మొత్తం 175. పొద్దున్నే వాహనాలు పలచగా ఉన్నప్పుడు, పెద్దల తోడుతో, రోడ్డు అంచున నడుస్తూ ఒక స్తంభం నుంచి పక్క స్తంభం దాకా అడుగులు లెక్కపెట్టించండి. అంచనా ముందే రాసి ఉండాలి. 60 సెంటీమీటర్ల అడుగు వేసే పిల్లకు 34 అడుగులు పడ్డాయనుకుంటే అది 20 మీటర్ల 40 సెంటీమీటర్లు. 70తో గుణిస్తే 1,428 మీటర్లు. అంత పెద్ద కట్టడంలో ధవళేశ్వరం వైపు భాగం పొడవును ఒక పిల్ల ముప్పై నాలుగు అడుగులతో కనుక్కుంది. మిగిలిన మూడు భాగాలూ అదే లెక్కతో ఇంటి దగ్గర పూర్తిచేయవచ్చు.

*సెంటు భూమి.* మన వైపు స్థలమైనా పొలమైనా సెంట్లలోనే మాట్లాడుకుంటాం. సెంటంటే 435.6 చదరపు అడుగులు. చదరంగా ఉంటే ఒక్కో వైపు 21 అడుగులకు కాస్త తక్కువ, దాదాపు 6 మీటర్ల 36 సెంటీమీటర్లు. 63, 64 సెంటీమీటర్ల అడుగు వేసే పిల్లవాడికి అది సరిగ్గా పది నడక అడుగులు. పదడుగులు ఇటు, పదడుగులు అటు నడిస్తే సెంటు. నూరడుగులు ఇటు, నూరడుగులు అటు నడిస్తే ఎకరం. బడి ఆటస్థలం ఎన్ని సెంట్లో ఈ లెక్కన పిల్లలే చెబుతారు. రైతుబిడ్డ ఈ ఒక్క విద్య నేర్చుకుంటే రేపు స్థలం కొనేటప్పుడు కాగితంలోని అంకెను కాళ్లతో సరిచూసుకోగలడు.

*ఊడ్పులు.* సార్వా వరికి చదరపు మీటరుకు 33 కుదుళ్లు, దాళ్వాకు 44 ఉండాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. వరసకూ వరసకూ 20 సెంటీమీటర్లు, కుదురుకూ కుదురుకూ 15 ఉంటే 33 వస్తాయి. రెండు వైపులా 15 ఉంటే 44 వస్తాయి. పెద్దవాళ్ల జాన ఇంచుమించు 20 సెంటీమీటర్లు. ఆరో తరగతి పిల్లల జానకు కాస్త తక్కువ 15. దోమపోటు ఉధృతి తగ్గడానికి ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు. ఊడ్చేవాళ్లు టేపు పట్టుకుని బురదలోకి దిగరు, చేతి లెక్కతోనే నాటుతారు. ఊడ్పులైన చేలో గట్టు మీద నిలబడి, మీటరు చదరంలో ఎన్ని కుదుళ్లున్నాయో పిల్లలతో ముందు అంచనా వేయించి, తర్వాత లెక్కపెట్టించండి.

*కొబ్బరిచెట్టు ఎత్తు.* ఎత్తు తెలిసిన స్నేహితుణ్ని చెట్టు మొదట్లో నిలబెట్టాలి. కాస్త దూరంగా వెళ్లి, చెయ్యి చాచి, ఒక పుల్ల నిలువుగా పట్టుకుని, పుల్ల మీద స్నేహితుడు ఎంత కనిపిస్తున్నాడో బొటనవేలితో గుర్తు పెట్టాలి. ఆ కొలత చెట్టు మీదికి ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టాలి. 140 సెంటీమీటర్ల స్నేహితుడు ఏడుసార్లు పడితే చెట్టు సుమారు 9 మీటర్ల 80 సెంటీమీటర్లు. దీన్ని నీడతో సరిచూడవచ్చు. మన నీడ సరిగ్గా మన ఎత్తుకు సమానమైన వేళ చెట్టు నీడ కూడా చెట్టు ఎత్తుకు సమానంగా ఉంటుంది.

*కాలువ అవతలి దూరం.* చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఎడమ కన్ను మూసి కుడి కంటితో అవతలి గట్టు మీద ఆగిన బస్సు ముందు భాగం మీద వేలిని పెట్టండి. ఇప్పుడు కుడి కన్ను మూసి ఎడమ కన్ను తెరిస్తే వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. బస్సులో సగం మేర గెంతిందనుకోండి. బస్సు పొడవు దాదాపు పది మీటర్లు కాబట్టి గెంతు 5 మీటర్లు. దాన్ని పదితో గుణిస్తే దూరం 50 మీటర్లు. చాచిన వేలికీ కంటికీ మధ్య దూరం, రెండు కళ్ల మధ్య దూరానికి ఇంచుమించు పది రెట్లు ఉండటమే ఇందులోని కిటుకు. ఎవరి పది రెట్లు ఎంతో వారు కొలుచుకుని కార్డులో రాసుకోవాలి. కొందరికి తొమ్మిదిన్నరే రావచ్చు.

*బోదెలో నీళ్లు.* ఈ ప్రయోగం పంట బోదెల దగ్గరే, అంటే పొలాల్లోకి నీరు పారే చిన్న కాలువల దగ్గరే చేయాలి. దీనికోసం పెద్ద కాలువ దగ్గరికీ, నది దగ్గరికీ పిల్లలను తీసుకువెళ్లకూడదు, బోదెలోకి కూడా దించకూడదు. గట్టు మీది నుంచే ఒక కర్ర ముంచి, తడిసిన మేర జానలతో కొలిస్తే లోతు తెలుస్తుంది. వెడల్పు కూడా అడ్డంగా పెట్టిన కర్రతోనే తెలుస్తుంది. గట్టు వెంట పదడుగులు, అంటే 6 మీటర్లు గుర్తు పెట్టి పైనుంచి ఒక ఆకు వదలండి. అది 15 సెకన్లలో దాటితే వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు. నీటి పైభాగం అడుగు భాగం కన్నా వేగంగా పారుతుంది కాబట్టి 0.85తో గుణించి 34 అనుకోవాలి. బోదె వెడల్పు మీటరు, లోతు 25 సెంటీమీటర్లు అయితే సెకనుకు 85 లీటర్లు పారుతున్నట్టు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు, దాదాపు రెండు బిందెలు. మన బోదెలో పారేది మూడు క్యూసెక్కులు.

ఇక్కడ ఆగి పిల్లలను అడగండి. మొదటి ప్రమాద హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతాయి. అంటే ఇలాంటి బోదెలు ఎన్ని? మూడు లక్షల ముప్పైమూడు వేలు. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షల క్యూసెక్కులు దాటింది. తాతలు ఆ వరద గురించి ఎందుకంత గంభీరంగా మాట్లాడతారో పిల్లలకు ఆ క్షణంలో తెలుస్తుంది.

ఐదో మెట్టు: చేతికందే ఆకాశం

చెయ్యి పూర్తిగా చాచి చూస్తే చిటికెనవేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ, బొటనవేలు రెండు డిగ్రీలు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు కలిపి ఐదు, పిడికిలి పది డిగ్రీలు ఆక్రమిస్తాయి. పిల్లల చేతులు చిన్నవైనా బాహువు కూడా అంతే పొట్టిగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క పిల్లలకూ పెద్దలకూ దాదాపు ఒకేలా పనిచేస్తుంది.

నిండు చందమామ ఎన్ని వేళ్ల వెడల్పో ముందు అంచనా రాయించండి. చాలామంది రెండు మూడు వేళ్లంటారు. చెయ్యి చాచి చూస్తే చిటికెనవేలే చందమామను పూర్తిగా మూసేస్తుంది, ఇంకా సగం మిగులుతుంది. చందమామ అర డిగ్రీ మాత్రమే. కళ్లు ఎంత నమ్మకంగా పొరబడతాయో తెలియడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. సూర్యుణ్ని మాత్రం ఎప్పుడూ నేరుగా చూడనివ్వకండి.

మబ్బులేని రాత్రి మేడ మీదికెక్కి ఉత్తరానికి తిరగండి. ఏ ఊళ్లోనైనా ధ్రువనక్షత్రం ఆ ఊరి అక్షాంశమెంతో దిగంతానికి అంత ఎత్తులో ఉంటుంది. ధవళేశ్వరం అక్షాంశం ఇంచుమించు 17 డిగ్రీలు. దిగంతం మీద ఒక పిడికిలి, దాని మీద మూడు వేళ్లు, దాని మీద బొటనవేలు పెడితే పది, ఐదు, రెండు కలిసి పదిహేడు. ఆ కొసన కనిపించేదే ధ్రువనక్షత్రం. ఇన్ని రోజులూ నోటుపుస్తకంలో గీతగా ఉన్న అక్షాంశం ఆ రాత్రి పిల్లల చేతికి అందుతుంది.

చిటికెడు ఉప్పు చెప్పిన పాఠం

ఒంటి కొలతలు ఆటల వరకే పనికొస్తాయని ఎవరైనా అంటే వాళ్లకు బంగ్లాదేశ్ కథ చెప్పండి. అది కూడా మనలాంటి డెల్టా నేలే. 1980 నుంచి 1990 దాకా బ్రాక్ అనే సంస్థ ఊరూరా ఇల్లిల్లూ తిరిగి, విరేచనాలతో నీరసించే పిల్లల కోసం ఇంట్లోనే ద్రావణం కలపడం తల్లులకు నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర లీటరు నీరు. కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు ఈ పాఠం చేరింది. త్రాసు లేని ఇంట్లో తల్లి వేళ్లే త్రాసయ్యాయి.

ఆ సంస్థ అక్కడితో ఆగకపోవడం మనం గమనించాలి. తల్లులు కలిపిన ద్రావణం నమూనాలు తీసుకుని, అందులో ఉప్పు మోతాదు సరిగ్గా ఉందో లేదో ప్రయోగశాలలో పరీక్షించారు. నేర్పిన కార్యకర్తల వేతనం కూడా ఆ తల్లులు ఎంత బాగా నేర్చుకున్నారన్న దానిమీదే ఆధారపడింది. చేతి కొలత, దానికి తోడు పరీక్ష, రెండూ కలిసి ప్రాణాలు నిలబెట్టాయి. ఇప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లాలు అన్నిచోట్లా దొరుకుతాయి, అవసరమైతే అవే వాడాలి. తరగతిలో మాత్రం వంటింటి త్రాసు తెచ్చి ప్రతి ఒక్కరి పిడికెడు బియ్యం ఎన్ని గ్రాములో, దోసెడు ఎన్ని గ్రాములో అంచనా వేయించి తూయించండి.

టీచర్లు మరవకూడనివి

ఎదిగే వయసు పిల్లలకు తమ ఒంటి గురించి మొహమాటాలుంటాయి. ఎత్తులను బోర్డు మీద పేర్లతో రాయకండి. బరువు జోలికి అసలు పోకండి. చేతులు, పాదాలు, అడుగులు చాలు. పొట్టి పొడుగుల మీద ఎవరైనా వెక్కిరిస్తే ఆ క్షణమే ఆపండి.

నడవలేని పిల్లలుంటే చక్రాల కుర్చీ చక్రం ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో కొలిచి అదే వారి అడుగుగా రాయించండి. చూపు లేని పిల్లలు జానతో, మూరతో చక్కగా కొలవగలరు. వారిని ముందు నిలబెట్టి మిగతా తరగతికి నేర్పించండి.

పెద్ద అంకెలు లెక్కపెట్టేటప్పుడు దారి తప్పకుండా ఒక సాధనం ఇవ్వండి. 19వ శతాబ్దంలో టిబెట్‌ను రహస్యంగా సర్వే చేసిన నైన్‌సింగ్ రావత్ జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలు పెట్టుకుని, నూరేసి అడుగులకు ఒక పూస జరుపుతూ వందల మైళ్లు కొలిచాడు. మీ పిల్లలకు జేబులో చింతపిక్కలు చాలు. నూరడుగులకు ఒక పిక్క ఈ జేబులోంచి ఆ జేబులోకి మారాలి.

ఈ వారం చేయాల్సినవి

• సోమవారం: ఒంటి కొలతల కార్డు పూర్తిచేయాలి.
• మంగళవారం: తరగతి గదిలో ఐదు వస్తువులు, మూడు గళ్లు.
• బుధవారం: అందరి మూరలూ వరుసగా రాసి, ప్రామాణిక కొలత ఎందుకన్న చర్చ.
• గురువారం: ఆటస్థలం ఎన్ని సెంట్లో నడిచి చెప్పాలి.
• శుక్రవారం: చెట్టు ఎత్తు రెండు పద్ధతుల్లో. రెండు జవాబుల తేడా కూడా రాయాలి.
• శనివారం: పిడికెడు, దోసెడు తూకం.
• ఆదివారం: ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పాలి. అమ్మ, నాన్న, తాతయ్య, అమ్మమ్మల జానలు కొలిచి కార్డు వెనక రాయాలి.

నెల తిరిగేసరికి ప్రతి పిల్లవాడి పుస్తకంలో కనీసం వంద అంచనాలుండేలా చూడండి. మొదటి పది అంచనాల తేడా సగటూ, చివరి పది అంచనాల తేడా సగటూ పక్కపక్కన రాయించి ఇంటికి పంపండి. పరీక్ష మార్కుల కన్నా ఆ రెండు అంకెలు మీ బిడ్డ గురించి ఎక్కువ చెబుతాయి. తనకు తెలియని దాని ముందు నోరు మూసుకోకుండా ఒక అంచనాతో నిలబడటం, నిజం తేలాక దానికి తలవంచడం, మరుసటిసారి ఇంకా దగ్గరగా రావడం ఆ పుస్తకంలో వరస వరసనా కనిపిస్తాయి. ఈ మూడూ వచ్చిన పిల్లలను మనం ఏ చదువుకు పంపినా, ఏ పనిలో పెట్టినా నిశ్చింతగా ఉండవచ్చు.